పడమటి గోడకి వచ్చిన తలుపు

బైండరు పొద్దున్నే మంచం దిగేముందు కాలి బొటనవేలితో నేల తడిమి చూసుకుంటాడు. పొడిగా తగిలితే లేచి మొహం కడుక్కుంటాడు. తడిగా తగిలితే "అబ్బా" అని ఒక్కసారి నిట్టూర్చి, మంచానికి తగిలించి ఉంచుకున్న పాతగుడ్డ అందుకుంటాడు. ఈ నెలన్నరలో పొడిగా తగిలిన రోజులెన్ని అని మాత్రం అడక్కండి, చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది.

గుడ్డతో అద్ది, వెనిగరు కలిపిన నీళ్ళతో తుడిచి, మళ్ళీ పొడిగుడ్డ వేస్తాడు. తర్వాత బల్ల దగ్గరికెళ్ళి తనే కుట్టుకున్న చిన్న నోటుపుస్తకం తెరిచి 'లోపల' అన్న గడిలో టైము రాస్తాడు. దాని పక్కనే 'బయట' అన్న గడి ఉంది. ఎంతో ముచ్చటపడి దానికి ఎర్రసిరాతో గీత కొట్టుకున్నాడు గానీ, పాపం, అందులో రాయడానికి ఇంతవరకూ ఏమీ దొరకలేదు.

ఈ పనంతా అయ్యేదాకా కుక్క ఓ పక్కన కూర్చుని చూస్తూ ఉంటుంది. దాని పేరు డిపో. పదమూడేళ్ళుంటాయి. మూతి నెరిసిపోయింది, ఒక చెవి చినిగి ఉంది, లేచేటప్పుడు వెనక కాళ్ళు వణుకుతాయి. చేసిన పనికి సిగ్గుపడుతున్నట్టు తల వంచుకుని కూర్చుంటుంది. ఆ తల చూస్తే ఎవరికీ తిట్టబుద్ధి కాదు.

"ఎన్నిసార్లు?" అని వంటింట్లోంచి భార్య అడుగుతుంది.

"ఒక్కసారే."

"అబద్ధాలు చెప్పకండి. వాసన పట్టడమే కదా నా ఉద్యోగం."

ఆవిడ పని పరీక్షల లాబులో. ఎనిమిదింటికల్లా వెళ్ళి, జనం పట్టుకొచ్చిన మూత్రం సీసాల మీద పేర్లు రాసి వరసగా పేర్చడంతో ఆవిడ రోజు మొదలవుతుంది. "అక్కడ సీసాల్లో, ఇక్కడ నేలమీద. నా బతుకంతా దీనికే సరిపోయింది" అంటుంది. నోరు పెద్దదే గానీ మనిషి మంచిది. తిడుతూనే కుక్క గిన్నెలో పాలు పోసి, తిడుతూనే చెప్పులేసుకుని వెళ్ళిపోతుంది.

ఇల్లంటే రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు గదే బైండింగు షాపు. కాగితం కోసే మిషను, కుట్టే బల్ల, జిగురు గిన్నె, నడుం ఎత్తున పేర్చిన కాగితం దస్తాలు. బళ్ళకీ ఆఫీసులకీ రిజిస్టర్లు కుడతాడు, చిరిగిన పుస్తకాలకి కొత్త అట్టలు వేస్తాడు. దబ్బనంతో కన్నాలు పొడిచి, మైనం రాసిన దారం దూర్చి లాగుతున్నప్పుడు చెవి పక్కన డప్పు కొట్టినా ఆయనకి వినపడదు. ఒక్క శబ్దం మాత్రం వినపడేది. రోజూ పదకొండూ పదికి వీధి చివర బస్సు ఆగేది. ఒక ఈల. అరనిమిషం తర్వాత రెండు ఈలలు, బస్సు కదిలేది. అక్కడ స్టాపు లేదు, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఎవరూ లేరు. ఎందుకాగుతుందని ఎవరూ అడగలేదు. బైండరు మాత్రం ఆ ఈల వినగానే దబ్బనం పక్కన పెట్టి టీ తాగేవాడు. నెలన్నర నుంచి బస్సు ఆగడం మానేసింది. ఆయన టీ వేళ తప్పిపోతోంది.

డిపో ఆయన అక్క కుక్క. అక్క బస్సు కండక్టరు. బస్సుల డిపోలో చక్రం పక్కన పడుకుని దొరికింది కాబట్టి దానికి ఆ పేరు పెట్టింది.

అమ్మా నాన్నా పోయేనాటికి తమ్ముడికి తొమ్మిదేళ్ళు, అక్కకి పంతొమ్మిది. భుజాన సంచీ, మెడలో ఈల వేసుకుని, కదిలే బస్సులో నిలబడి నిలబడి తమ్ముణ్ణి పెంచింది. పని నేర్పించిందీ ఆవిడే, పెళ్ళి చేసిందీ ఆవిడే. తను మాత్రం చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "టైమేదీ, బస్సు కదిలిపోతుంటే" అనేది. అలాంటి అక్కతో పదకొండేళ్ళు మాట్లాడలేదు ఈ పెద్దమనిషి. దేని గురించయ్యా అంటే, నవ్విపోతారు, టికెట్టు గురించి.

పెళ్ళైన కొత్త. భార్యనీ అత్తగారినీ ఇద్దరు బావమరుదుల్నీ వెంటేసుకుని అక్క బస్సెక్కాడు. "టికెట్" అంది అక్క. "మా అక్క బస్సులో నాకు టికెట్టేంటి!" అని బస్సంతా వినపడేలా నవ్వాడు. "టికెట్" అంది మళ్ళీ. "భలేదానివే, పోనియ్యవే" అన్నాడు. ఒక ఈల వేస్తే బస్సు ఆగాలి, రెండు వేస్తే కదలాలి, అది అందరికీ తెలిసిందే. అక్క ఒక ఈల వేసింది. రెండూళ్ళకి మధ్య, నిలబడ్డానికి చూరు కూడా లేని చోట, భోరున వాన. "మీరు చుట్టాలు, మీ టికెట్లు నేను తీసుకుంటాను, కూర్చోండి" అని అత్తగారితో చెప్పి, తమ్ముడి వైపు తిరిగి "నువ్వు దిగు" అంది.

దిగాడు. కొత్త పెళ్ళికూతురు కూడా ఆయన వెనకే దిగి తడిసింది. బురదలో కాలు పెట్టాక వెనక్కి తిరిగి అరిచాడు: "ఇక నీ గుమ్మం తొక్కితే ఒట్టు!" అక్క రెండు ఈలలు వేసింది. బస్సు వెళ్ళిపోయింది.

నిజం చెప్పాలంటే ఆయన కోపం ఒక వారం ఉంది, అంతే. మిగతా పదకొండేళ్ళూ ఉన్నది పంతం. ముందు ఆవిడ వస్తే బావుణ్ణని ఈయన, ముందు వీడొస్తే బావుణ్ణని ఆవిడ. ఇంతలో ఆవిడ గుండె ఆగిపోయింది. కబురు తెలిసి ఆస్పత్రికి పరిగెత్తేసరికి అయిపోయింది. ఆస్పత్రి నుంచే శ్మశానానికి తీసుకెళ్ళిపోయారు. ఆవిడున్న అద్దె ఇంటిని ఇంటివాళ్ళు రెండు వారాలు తిరక్కుండా పడగొట్టేశారు. అలా ఈయనగారి ఒట్టు ఒట్టుగానే మిగిలిపోయింది. కుక్కని మాత్రం అక్క బస్సు డ్రైవరు తాడు కట్టి తీసుకొచ్చి, "ఇది నీ దగ్గరుండాలి బాబూ" అని అప్పజెప్పి వెళ్ళాడు.

మొదట్లో కుక్క బెంగతో అలా చేస్తోందనుకున్నారు. వారమైనా తగ్గకపోయేసరికి పశువుల డాక్టరమ్మకి చూపించారు. ఆవిడ పరీక్షలన్నీ చేసి, "దీని కిడ్నీలు నా కిడ్నీలకంటే బావున్నాయి" అంది. "జబ్బేం కాదు, ఇల్లు మారింది. ముసలిది కదా, ఇంకేం నేర్చుకుంటుందిలే అనుకోకండి. నేర్చుకుంటుంది. మీకే ఓపికుండాలి. లేవగానే ఒకసారి, తిన్నాక ఒకసారి, మధ్యలో రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్ళండి. బయట చేస్తే అక్కడికక్కడే మెచ్చుకుని ఏదైనా పెట్టండి. లోపల చేస్తే అరవకండి, కొట్టకండి. వాసన లేకుండా తుడవండి."

బైండరు అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. నోటుపుస్తకం కుట్టుకున్నది అప్పుడే. రెండు గంటలకోసారి, చేతికి జిగురంటుకుని ఉన్నా సరే, తాడు పట్టుకుని వీధిలోకి నడిచేవాడు. డిపో బుద్ధిగా వెంట వచ్చి, కరెంటు స్తంభం దగ్గర నిలబడి ఆయన మొహంకేసి చూసేది. ఆయన దాని మొహంకేసి చూసేవాడు. పావుగంట, అరగంట. "కానియ్యమ్మా, కానియ్యి" అని బతిమాలేవాడు. "మాకు పనులున్నాయి తల్లీ" అనేవాడు. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి రెండు మంచిమాటలు చెప్పేవారు. కుక్క ఎవరి మాటా వినేది కాదు. చివరికి విసుగొచ్చి లోపలికి తెచ్చి తాడు విప్పగానే తిన్నగా పడమటి గోడ దగ్గరికి వెళ్ళేది.

అదొక తిక్క దానికి. ముందు గదిలో, కోత మిషనుకీ బీరువాకీ మధ్య గోడ కొంచెం ఖాళీగా ఉంటుంది. డిపో ఆ గోడ ముందు నిలబడి, కాలితో ఒకే ఒక్కసారి గీకేది. తర్వాత కూర్చుని వెనక్కి తిరిగి ఇంట్లో వాళ్ళని చూసేది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు అలాగే చూసేది. ఆ తర్వాత పాపం ఆపుకోలేక అక్కడే కానిచ్చేసేది.

మూడో వారంలో ఆ గోడకి అడుగున ఒక బుడిపె కనపడింది. సున్నం పొట్టులా రాలుతుంటే చెమ్మ కాబోలనుకుని తాపీమేస్త్రీని పిలిచారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"చెమ్మ కాదమ్మా. తలుపొస్తోంది" అన్నాడు.

"ఎక్కడికి?" అంది భార్య.

"అది వచ్చాకే తెలుస్తుంది. ఇప్పుడు గడప ఒక్కటే వేసింది. ఇంకా లేతగా ఉంది, ఉలితో అరగంట పని. ముదిరాక పీకాలంటే గోడంతా లేచొస్తుంది. మీ ఇష్టం."

గోడకి అవతల దర్జీ ఇల్లు. ఆయన్ని అడిగితే తన వైపు ఏమీ రాలేదని, అటువైపు మంచం వేసి ఉందని, వచ్చేట్టుంటే కాస్త ముందు చెప్పమని అన్నాడు. మేస్త్రీ చేతులు దులుపుకుంటూ ఇంకో మాట కూడా చెప్పాడు. "మా పెద్దమ్మగారింట్లో వచ్చిందొకటి ఇలాగే. మంచి తలుపే, చెదలు పట్టదు. కాకపోతే దాటినవాళ్ళు మళ్ళీ రారు. మా పెదనాన్న చెప్పులేసుకుని దాటాడు, అంతే. గొళ్ళెం మీ వైపుంటే భయం లేదు."

"పీకించేద్దామండీ" అంది భార్య.

"ఉండనీ, చూద్దాం" అన్నాడు బైండరు.

"మీరు మాత్రం దాటరుగా?"

"ఎవరి గుమ్మమో తెలీకుండా నేనెందుకు దాటుతాను? నా సంగతి తెలుసుగా నీకు."

తెలుసు కాబట్టే ఆవిడ భయం. కానీ పనికి టైమైపోతుంటే ఆ మాట అక్కడితో ఆగింది. గడప తర్వాత ద్వారబంధం వచ్చింది, ఆ తర్వాత సన్నగా రెక్క అంచు. ఆకుపచ్చ రంగు. రోజుకి వేలెడంత పైకొచ్చేది. తుడవడానికి వంగినప్పుడల్లా బైండరు దాన్ని చూసేవాడు. డిపో కూడా చూసేది.

ఈలోగా ఆయన ఒక ఘనకార్యం చేశాడు. లోపల ఆపుకోలేనప్పుడు ఒక మూల పాత కాగితాలు పరచండి, వాటి మీదే వెళ్ళడం అలవాటు చేసి, ఆ కాగితాల్ని రోజుకింత వాకిలి వైపు జరుపుతూ పోండి అని డాక్టరమ్మ చెప్పింది. ఎవరింట్లోనైనా అది మంచి సలహానే. ఇల్లంతా కాగితమే ఉన్న బైండింగు షాపులో దాన్ని పాటించాలంటే మాత్రం మన బైండరు లాంటి బుర్రే ఉండాలి. కోత మిషను కింద పడే ముక్కలు ఏరి శ్రద్ధగా పరిచాడు. దాని మీద వెళ్ళినప్పుడల్లా "శభాష్" అని బిస్కెట్టు పెట్టాడు. నాలుగు రోజుల్లో డిపోకి విషయం బాగా వంటబట్టింది. ఐదో రోజున బడి హాజరు రిజిస్టర్ల కోసం నేలమీద విప్పి పరిచిన పన్నెండు దస్తాల కొత్త కాగితం మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ కానిచ్చేసింది. చేసి, బిస్కెట్టు కోసం వచ్చి ఎదురుగా కూర్చుంది.

ఆ సాయంత్రం భార్య వచ్చి చూసింది. ఈసారి తిట్టలేదు, అదే భయం వేసింది బైండరుకి. ఆవిడ మంచం మీద కూర్చుని నెమ్మదిగా అంది: "నా వల్ల కాదండీ. మీ వల్ల కూడా కావడం లేదు, నేను చూస్తున్నాను. పని పోతోంది, నిద్ర పోతోంది. నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికీ మారకపోతే డాక్టరమ్మనే అడుగుదాం. ముసలివాటికి నొప్పి తెలీకుండా ఇంజక్షను ఉంటుందట."

"అక్కది ఇదొక్కటే మిగిలింది" అన్నాడు.

"తెలుసు" అంది. లేచి వెళ్ళి డిపో గిన్నెలో పాలు పోసింది. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

ఆ తొమ్మిది రోజుల్లో నాలుగోనాడు డ్రైవరు వచ్చాడు. పెద్దాయన, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. బస్సు దిగితే ఎటు నడవాలో తెలీనట్టు నడుస్తాడు. జేబులోంచి చిన్న పొట్లం తీసి బల్లమీద పెట్టాడు. "గ్యారేజీలో మీ అక్క పెట్టె ఖాళీ చేశాం బాబూ. ఇది ఉంది. పారెయ్య బుద్ధి కాలేదు."

అక్క ఈల. ఇత్తడిది, పళ్ళు ఆనించే చోట అరిగి తెల్లబడింది.

బైండరు దాన్ని చేతిలోకి తీసుకోలేదు. అంతలో డిపోని బయటికి తీసుకెళ్ళే వేళయింది. "ఉండు బాబాయ్, ఇప్పుడే వస్తా" అని తాడు పట్టుకున్నాడు. డ్రైవరు కూడా ఈల మళ్ళీ జేబులో వేసుకుని వెంట నడిచాడు. స్తంభం దగ్గర మామూలే, కుక్క నిలబడింది, ఈయన బతిమాలాడు. కాసేపు చూసి డ్రైవరు పకపకా నవ్వాడు.

"అలా ఎలా వెళ్తుందయ్యా, రైట్ చెప్పకుండా!"

జేబులోంచి ఈల తీసి రెండుసార్లు ఊదాడు. డిపో చినిగిన చెవి నిక్కబొడుచుకుంది. స్తంభం పక్కకి నడిచి, కాళ్ళు వంచి, నింపాదిగా పని కానిచ్చింది. డ్రైవరు ఒకసారి ఊదాడు. వచ్చి ఆయన కాళ్ళ దగ్గర నిలబడింది.

బైండరు నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. నెలన్నర బతిమాలింది, బుజ్జగించింది, నోటుపుస్తకం కుట్టింది అంతా గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

"పదమూడేళ్ళూ ఆవిడ నేర్పింది ఇదే" అన్నాడు డ్రైవరు. "రెండు వేస్తే వెళ్ళాలి, ఒకటి వేస్తే ఆగాలి. మనుషులకైనా కుక్కకైనా ఆవిడ దగ్గర ఒకటే రూలు. ఇంట్లో అయితే మంచానికి ఎడమ పక్క పెరటి తలుపుండేది. అది వెళ్ళి ఒకసారి గీకేది, ఈవిడ లేచి తీసేది."

"ఏ రంగు తలుపు బాబాయ్?"

"ఆకుపచ్చ. ఎందుకూ?"

ఇద్దరూ ఇంట్లోకొచ్చి కూర్చున్నారు. డ్రైవరు గోడకేసి చూసి, "ఓహో, వచ్చిందే" అని తలూపి, ఇచ్చిన టీ తాగాడు. గ్లాసు కింద పెట్టాక అడిగాడు: "మీ వీధి చివర బస్సు ఎందుకాగేదో నీకు తెలుసా?"

"తెలీదు. ఈమధ్య ఆగడం లేదు."

"ఎలా ఆగుతుంది! ఆపే మనిషి పోయిందిగా. నిన్ను దింపేసిన నెలకి మీ అక్క కొండ రూటు వదిలేసి ఈ రూటు వేయించుకుంది. పదకొండేళ్ళు, డ్యూటీ ఉన్న ప్రతిరోజూ, అక్కడికి రాగానే ఒక ఈల. నేను ఆపేవాణ్ణి. ఫుట్‌బోర్డు మీద నిలబడి నీ వీధిలోకి చూసేది. అరనిమిషం. తర్వాత రెండు ఈలలు. 'ఎవరమ్మా దిగేది' అని జనం విసుక్కుంటే 'ఎక్కేవాళ్ళున్నారు, ఉండండి' అనేది. నువ్వెప్పుడూ బయటికి రాలేదు బాబూ."

బైండరుకి తెలీదా ఆ ఈల ఎవరిదో? ఏమో, నేను చెప్పలేను. చిన్నప్పుడు అదే ఈల వింటూ బస్సు వెనక సీట్లో నిద్రపోయినవాడు. తెలుసుకోకూడదనుకుంటే మనిషి చెవులు ఎంతైనా సహకరిస్తాయి. ఆ ఈల విని పదకొండేళ్ళు టీ తాగాడు. లేచి నలభై అడుగులు నడిచుంటే సరిపోయేది.

"ఎప్పుడైనా... తప్పు చేశానని అందా?" అని అడిగాడు.

"లేదు. టికెట్టు లేకపోతే దింపాల్సిందే అనేది చివరిదాకా." డ్రైవరు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "కానీ వానలో దింపాను బాబాయ్, ఇంటి దాకా తీసుకెళ్ళి దింపాల్సింది, అనేది. ఎన్నిసార్లు అందో."

ఆయన వెళ్ళాక బైండరు కాగితం దస్తాల మీద తల పెట్టి ఏడ్చాడు. బిగ్గరగా ఏడ్చాడు. దర్జీ మిషను ఆపి, గోడకి అవతల నుంచి "ఏమైందండీ" అని అడిగేంత బిగ్గరగా.

ఆ రోజు నుంచి 'బయట' గడి నిండసాగింది. పొద్దున రెండు ఈలలు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు. నేల పొడిగా ఉండసాగింది. నెలాఖరు వచ్చి వెళ్ళిపోయింది, ఇంజక్షను మాట ఎవరూ ఎత్తలేదు. భార్య డిపో తల నిమిరి, "ముందే చెప్పి చావొచ్చుగా నీకు ఈల కావాలని" అని మురిపెంగా తిట్టింది.

కానీ పదకొండూ పదికి మాత్రం డిపో పడమటి గోడ దగ్గరికి వెళ్ళి ఒకసారి గీకి కూర్చునేది. తడిపేది కాదు. ఊరికే కూర్చునేది. తలుపు పూర్తిగా వచ్చేసింది ఇప్పుడు. ఆకుపచ్చ రెక్క, కిందివైపు గోళ్ళ గీతలు, పదమూడేళ్ళ గీతలు. గొళ్ళెం ఇటువైపే ఉంది.

"ఇక దీని అవసరమేముంది? మేస్త్రీని పిలవండి" అంది భార్య.

"గాలొస్తుందే."

"మూసున్న తలుపులోంచి గాలెక్కడిదండీ?" అని, సమాధానం కోసం చూడకుండా రెండు బరువైన కాగితం కట్టలు లాగి తలుపుకి అడ్డంగా పెట్టింది. "వదిన మీద నాక్కూడా ప్రేమ ఉంది. ఆ రోజు వానలో నేనూ దిగాను, మర్చిపోకండి" అంది. ఆయన మర్చిపోలేదు. కానీ ఆవిడ పనికి వెళ్ళాక ఆ కట్టలు జరిపేశాడు.

ఆ రోజు పదకొండూ పదికి డిపో గోడ దగ్గరికి వెళ్ళింది. ఒకసారి గీకింది. కూర్చుని వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. బైండరు దబ్బనం పక్కన పెట్టాడు. లేచి, చేతులు కడుక్కుని, చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాడు. గొళ్ళెం తీశాడు.

అవతల దర్జీ మంచం లేదు. చిన్న పెరడు. ఉదయపు ఎండ. తీగ మీద ఖాకీ చొక్కా ఆరేసి ఉంది, చేతుల్లోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. ఒక నిమ్మచెట్టు, దాని కింద రెండు కుర్చీలు. ఒకదాని మీద చదివి మడిచిన పేపరు. రెండోది ఖాళీ, దుమ్ము లేకుండా తుడిచి ఉంది. ఎడమవైపు, కనపడని చోట, ఎవరో గ్లాసులు కడుగుతున్న చప్పుడు. అక్క తలనూనె వాసన గాలిలో కలిసి వచ్చింది. పదకొండేళ్ళుగా ఆ వాసన ఎంతగా కావాలనుకున్నాడో అప్పుడు తెలిసింది ఆయనకి.

డిపో గడప మీద నిలబడి, తోక ఆడిస్తూ, ఆయన మొహంలోకి చూసింది. రైట్ చెప్పాలి కదా. బైండరు జేబులోంచి ఈల తీసి పెదాల దాకా తెచ్చాడు. ఊదలేకపోయాడు. దాటినవాళ్ళు తిరిగి రారు. ఇదీ పోతే అక్కదంటూ ఏం మిగులుతుంది?

గ్లాసుల చప్పుడు ఆగింది. అటు నుంచి రెండు ఈలలు వినపడ్డాయి.

డిపో గడప దాటింది. వెనక కాళ్ళు వణకలేదు. నిమ్మచెట్టు దగ్గరికెళ్ళి, కాళ్ళు వంచి, చాలాసేపు, ఎప్పటినుంచో దాచుకున్నదంతా వదిలేసినట్టు కానిచ్చింది. ఆ తర్వాత ఎడమవైపు పరిగెత్తింది. దాని గొంతు, కుక్కపిల్ల గొంతులా, సన్నగా వినపడింది.

"అక్కా" అన్నాడు బైండరు.

గడపకి దగ్గరగా జరిగాడు.

"అక్కా, తప్పు నాదేనే. ఈల వినపడేది. రోజూ వినపడేది. రాలేదు నేను. నీ గుమ్మం తొక్కనని ఒట్టేశానుగా, ఇదిగో, తొక్కుతున్నా. వచ్చేస్తున్నా ఉండు."

కాలు ఎత్తాడు. చెప్పు గడపకి ఇంకా జానెడు దూరంలో ఉంది.

ఒక ఈల.

కాలు గాలిలో ఆగిపోయింది. ఆయన ఆపలేదు, అదే ఆగింది. చిన్నప్పటి నుంచి ఆ ఈలకి ఆగడం అలవాటైన కాలు.

"ఒక్కసారి నీ మొహం చూసి వచ్చేస్తానే" అని బతిమాలాడు. "ఆ కుర్చీలో అరనిమిషం కూర్చుని వచ్చేస్తా."

మళ్ళీ ఒక ఈల. పొడుగ్గా, కచ్చితంగా, ఆనాడు వానలో విన్నది ఇదే. దాని ముందు పరాయివాళ్ళైనా తమ్ముడైనా ఒకటే. బైండరు కాలు వెనక్కి తీసుకున్నాడు. తలుపు అటువైపు నుంచి నెమ్మదిగా, చప్పుడు కాకుండా మూసుకుంది.

సాయంత్రం భార్య వచ్చేసరికి వీధి తలుపు తీసే ఉంది. ముందు గదిలో ఆయన నేలమీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పడమటి గోడ, ఎప్పుడో సున్నం వేసిన మామూలు గోడ. బల్లమీద నోటుపుస్తకం తెరిచి ఉంది. 'బయట' గడిలో ఆ రోజు పొద్దున రాసిన దాని కింద మరొక్కటి, 'పదకొండూ పది' అని రాసుంది. మిగతా పేజీ ఖాళీ.

"డిపో ఏదండీ?"

"వెళ్ళిపోయింది. అక్క పిలిచింది."

ఆవిడ చూపు గోడ దగ్గర నేలమీద పడింది. అక్కడ ఆయన చెప్పులు విప్పి ఉన్నాయి, రెండూ గోడవైపు తిరిగి. ఆవిడ చేతిసంచీ జారిపోయింది. వచ్చి ఆయన పక్కనే కూలబడి, భుజం పట్టుకుని, బతికున్నాడో లేదో చూసుకున్నట్టు గట్టిగా నొక్కింది.

"మరి మీరు?" అంది.

"నన్ను దింపేసిందే."

ఆయన మొహమంతా తడిసిపోయి ఉంది. ఆవిడ కొంగుతో తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఈసారి ఇంటి దగ్గరే దింపింది" అన్నాడు.